కుక్కకు తాయిలాల బొమ్మ: కొనే ముందు నుంచి కడిగి ఆరబెట్టేదాకా

"బొమ్మ కొన్నాం. రెండు నిమిషాలు మూతి పెట్టి చూసి వెళ్లి పడుకుంది. డబ్బులు దండగ." తాయిలాల బొమ్మల (లోపల తిండి నింపి కుక్కకి ఇచ్చే బోలు బొమ్మల) గురించి నన్ను అడిగేవాళ్లలో సగం మంది మాట ఇదే. మిగతా సగం అడిగేది: "ఇది ఇచ్చేసి ఆఫీసుకి వెళ్లిపోవచ్చా?"

మొదటి దాంట్లో తప్పు కుక్కది కాదు, చాలాసార్లు బొమ్మది కూడా కాదు. మొదటి రోజే గట్టిగా కూరి ఇచ్చేశారు, అంతే. ఇక రెండోది. వెళ్లొచ్చు, కానీ ఇవాళ కాదు. మొదటి పది రోజులు మీరు పక్కన కూర్చోవాలి. అసలు పని అదే.

మాది బెంగళూరు మారతహళ్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. మా జొన్న 18 కిలోల దేశవాళీ ఆడకుక్క. కింద రాసినవాటిలో కొన్ని దాన్ని చూసి నేర్చుకున్నవి, కొన్ని దానివల్ల డాక్టరుగారితో చీవాట్లు తిని నేర్చుకున్నవి.

1. బొమ్మకన్నా ముందు కుక్కను చూడండి

షాపుకి వెళ్లేముందు ఒక పాత అట్టపెట్టె కుక్క ముందు పడేసి చూడండి. మూతితో తోసి వాసన చూసి వదిలేస్తుందా, కాలితో తొక్కిపట్టి చించుతుందా, చించిన ముక్కలు ఉమ్మేస్తుందా, మింగేస్తుందా? మింగే అలవాటున్న కుక్కకి ప్లాస్టిక్ బొమ్మ అసలు వద్దు. అట్టముక్కలు మింగబోతే మీరు పక్కనే ఉంటారు కాబట్టి వెంటనే తీసేయండి.

తర్వాత ఇవి చూసుకోండి:

☐ వయసు: నాలుగు నెలల నుంచి ఏడు నెలల దాకా పాలపళ్లు ఊడి అసలు పళ్లు వస్తుంటాయి. ఆ టైములో చిగుళ్లు నొప్పిగా ఉంటాయి, మెత్తటి రబ్బరే ఇవ్వాలి. ముసలి కుక్కకీ అంతే.
☐ ముఖం: పగ్, షిట్జు లాంటి చప్పిడిముక్కు కుక్కల నాలుక లోతైన బొమ్మలోకి అందదు. వాటికి నాకే చాప (మెత్తటి తిండి పూసి ఇచ్చే గరుకు రబ్బరు చాప) మేలు. పైగా అవి కష్టపడి ఊపిరి తీసుకుంటాయి, ఎండవేళ ఈ ఆట వద్దు.
☐ జబ్బులు: షుగరు, పాంక్రియాస్ (క్లోమం) వాపు, ఎలర్జీ ఉంటే లోపల ఏం పెట్టాలో డాక్టర్ని అడిగాకే.
☐ తిండి దగ్గర గుర్రుమంటుందా? అయితే ముందు ఎనిమిదో భాగం చదవండి.

2. ఎంపిక: సైజు, రంధ్రాలు, గట్టితనం

బొమ్మ మొత్తంగా కుక్క నోట్లో పట్టకూడదు. కోరపళ్లు దాటి వెనక్కి జారిందంటే గొంతులో ఇరుక్కునే సైజన్నమాట. రెండు సైజుల మధ్య సందేహం వస్తే పెద్దదే తీసుకోండి. ఇంట్లో రెండు కుక్కలుంటే పెద్ద కుక్కకి సరిపడే సైజే రెండింటికీ.

రంధ్రాల సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకే ఒక్క రంధ్రం ఉన్న బంతి ప్రమాదం. కుక్క నాకుతుంటే లోపలి గాలి బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రావడానికి దారి ఉండదు. నాలుక లోపలికి లాగేసినట్టయి, వాచి, ఇక బయటికి రాదు. నాలుకకి రక్తం ఆడక దాన్ని కొంత కోసేయాల్సి వచ్చిన కేసులున్నాయి. అందుకే ఒక పక్క పెద్ద రంధ్రం, రెండో పక్క చిన్న రంధ్రం ఉన్నదే కొనండి. షాపులో పెద్ద రంధ్రం మీద నోరు పెట్టి ఊదండి, అవతలి పక్కనుంచి గాలి రావాలి. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

గట్టితనానికి గోటి పరీక్ష. బొటనవేలి గోటితో నొక్కితే కొంచెమైనా దిగాలి. దిగకపోతే అది మరీ గట్టిది, పై దవడలోని పెద్ద పన్ను పెచ్చులుగా విరగొచ్చు. జింకకొమ్ములు, ఆవు గిట్టలు, రాయిలాంటి నైలాన్ ఎముకలు ఈ పరీక్షలో తప్పుతాయి. కాంగ్ అనే కంపెనీ రబ్బరు బొమ్మల్లో రంగునిబట్టి గట్టితనం ఉంటుంది: ఎరుపు మామూలు కుక్కలకి, నలుపు బాగా నమిలేవాటికి, కుక్కపిల్లలకి వేరే మెత్తటి రకం.

నేను మొదట కొన్నది ఇదేదీ కాదు. పారదర్శకంగా, కిందామీదా దొర్లుతూ, నారింజరంగు మూతతో ముద్దొచ్చే ప్లాస్టిక్ బంతి. మూడో రోజు సాయంత్రం వంటింట్లోంచి వచ్చేసరికి మూత అంచు లేదు. దొరికిన ముక్కలన్నీ ఏరి న్యూస్‌పేపర్ మీద గుండ్రంగా పేర్చాను. ఒక చోట ఖాళీ. బొటనవేలి గోరంత ముక్క. ప్లాస్టిక్ ఎక్స్‌రేలో సాధారణంగా కనపడదన్నారు డాక్టరుగారు. వాంతులు అవుతున్నాయా, తింటోందా, విరోచనం అవుతోందా చూస్తూ ఉండమన్నారు. రెండు రోజులు చేతికి కవరు తొడుక్కుని ఆ పని కూడా చేశాను. రెండో రోజు సాయంత్రం నారింజరంగు కనపడింది.

ఇంకో మాట. ఫ్లాట్లలో ఉండే మనకి గట్టి ప్లాస్టిక్ బంతితో ఇంకో తంటా: పొద్దున్నే ఆరింటికి టైల్స్ మీద అది దొర్లితే కింది ఇంటివాళ్లు పైకొస్తారు. పైగా నున్నటి టైల్స్ మీద బంతి వెంట పరుగెత్తి కుక్క కాళ్లు జారతాయి, ముఖ్యంగా లాబ్రడార్ల తుంటి కీళ్లకి మంచిది కాదు. ఒక యోగా మ్యాటో, పాత బొంతో పరవండి. రెండు గొడవలూ పోతాయి.

3. లోపల ఏం పెట్టాలి

ఖరీదైన తాయిలాలు అక్కర్లేదు. మా ఇంట్లో తిరిగేవి ఇవి:

☐ రోజూ తినే డ్రై ఫుడ్, పొడిగా గానీ నీళ్లలో నానబెట్టి గానీ
☐ ఉడికించి మెదిపిన చిలగడదుంప, గుమ్మడికాయ, క్యారెట్
☐ ఉప్పూకారం లేకుండా ఉడికించి, ఎముక తీసిన చికెన్
☐ ఉడికించిన గుడ్డు
☐ ఉప్పు లేని రాగి సంకటి, చల్లారాక
☐ తీపి కలపని సాదా పెరుగు, ఒక చెంచా. కొన్ని కుక్కలకి పాలు, పెరుగు పడవు, మొదట కొంచెమే పెట్టి చూడండి.

పల్లీ బటర్ పెడతామంటే డబ్బా మీద పదార్థాల జాబితా చదవండి. జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి), బర్చ్ షుగర్, ఇ967, ఒకే పదార్థానికున్న ఈ మూడు పేర్లలో ఏది కనపడినా అది కుక్కకి విషం. మనకి ఏమీ కాదు, కుక్క రక్తంలో చక్కెర మాత్రం అరగంటలోపే పడిపోవచ్చు, లివరు దెబ్బతినొచ్చు. "షుగర్ ఫ్రీ" అని రాసినవన్నీ పక్కన పెట్టేయండి. లేదంటే ఇంట్లోనే ఉప్పు లేకుండా వేయించిన పల్లీలు మిక్సీలో మెత్తగా తిప్పండి, పని అయిపోతుంది.

ఇవి ఎప్పటికీ వద్దు:

☐ ఉల్లి, వెల్లుల్లి. అంటే మన కూరల్లో మిగిలిన చికెన్ ముక్క కడిగి పెట్టినా వద్దు.
☐ ద్రాక్ష, కిస్‌మిస్. కేసరిలోదైనా, పాయసంలోదైనా.
☐ చాక్లెట్, కాఫీ పొడి
☐ ఉడికించిన ఎముకలు. సూదుల్లా చీలతాయి.
☐ మామిడి టెంక. సీజన్లో పిల్లలు చీకి పడేస్తారు, పేగులో అడ్డం పడుతుంది.

4. ఎంత పెట్టాలి

తాయిలాలు రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు. లెక్క ఎలాగంటే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 18 కిలోల పెద్ద కుక్కకి రోజుకి సుమారు 980 కేలరీలు కావాలి. పదో వంతు దగ్గర దగ్గర 100. పల్లీ బటర్ ఒక పెద్ద చెంచాలో 95 దాకా ఉంటాయి. అంటే ఒక్క చెంచాతో ఆ రోజు కోటా అయిపోయింది.

అందుకే నేను బొమ్మలో వేరే తిండి పెట్టను. రాత్రి భోజనంలోంచే మూడో వంతు తీసి బొమ్మలోకి సర్దుతాను, గిన్నెలో అంత తగ్గిస్తాను. పల్లీ బటర్ అంచుకి రాసేంత మాత్రమే.

హిందూపురం నుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఈ కొలతలు చూసి, "ఏమే, కుక్కకి కూడు పెట్టేదానికి ఇంత కతా?" అని నవ్వింది. నేను చూడనప్పుడు నెయ్యన్నం ముద్ద చేసి బొమ్మలో కుక్కింది. జొన్నకి ఆ రాత్రంతా విరోచనాలు. కొవ్వు ఒక్కసారిగా ఎక్కువైతే పాంక్రియాస్ వాచే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో అందరికీ ఒకే మాట చెప్పి పెట్టుకోండి: బొమ్మ నింపేది ఒక్కరే.

5. తొలి పది రోజులు

ఆకలిగా ఉన్నప్పుడు, వాకింగ్ నుంచి వచ్చి కొంచెం నిదానించాక మొదలుపెట్టండి. ఒళ్లంతా ఉత్సాహంతో గంతులేస్తున్న కుక్క బొమ్మను తినడానికి కాదు, పీకడానికి చూస్తుంది.

ఒకటి, రెండు రోజులు: బొమ్మలో నాలుగు పొడి గింజలు వదులుగా వేయండి. తగలగానే రాలిపడాలి. చుట్టూ కూడా నాలుగు చల్లండి. ఇక్కడ కుక్క నేర్చుకునేది ఒక్కటే, దీన్ని కదిపితే తిండి వస్తుందని.

మూడు, నాలుగు రోజులు: సగం దాకా నింపండి. పెద్ద చికెన్ ముక్క ఒకటి రంధ్రంలోంచి బయటికి కనపడేట్టు పెట్టండి. అది లాగితే మిగతావి వెంట రావాలి.

ఐదు, ఆరు రోజులు: అడుగున పొడి గింజలు, పైన మెదిపిన చిలగడదుంప పల్చగా. నాకడం ఇక్కడ మొదలవుతుంది.

ఏడు, ఎనిమిది రోజులు: నానిన డ్రై ఫుడ్, గుమ్మడికాయ కలిపి మూడొంతులు నింపండి. చెంచాతో అదిమి కూరొద్దు. నానిన గింజలు ఇంకా ఉబ్బుతాయి.

తొమ్మిది, పది రోజులు: ఇచ్చి పక్క గదిలోకి వెళ్లండి. పాత ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి చూడండి.

పది రోజులూ పాటించాల్సింది ఒకటే. రెండు నిమిషాల్లో విసుగొచ్చి వదిలేస్తే ఒక మెట్టు దిగండి. రెండు నిమిషాల్లో ఖాళీ చేసేస్తే ఒక మెట్టు ఎక్కండి. అరుస్తూ, బొమ్మను కొరికేస్తూ ఉంటే అది ఆట కాదు, కోపం. అప్పుడు మీరే రెండు ముక్కలు రాల్చి పెట్టి, రేపు తేలిక చేయండి. మా జొన్నకి ఐదో రోజు మెట్టు మీదే వారం పట్టింది. ఎదురింటి ఆంటీ వాళ్ల లాబ్రడార్ రెండు రోజుల్లో అన్నీ దాటేసింది. పోటీ ఏం లేదు.

ఈ పది రోజుల్లో మీరు ఫోన్ చూస్తూ కూర్చుంటే లాభం లేదు. చూడాల్సింది నోరు. ముందుపళ్లతో గీకుతోందా, పక్కపళ్ల మధ్య పెట్టి కసిగా కొరుకుతోందా? పక్కపళ్ల దాకా వెళ్లిందంటే లోపల తిండి అయిపోయిందని, ఇక రబ్బరు తినబోతోందని అర్థం. అప్పుడు బొమ్మ తీసేయాలి, లాక్కోవడం కాదు, వేరే తాయిలం చూపించి మార్చుకోవాలి.

6. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు

గడ్డకట్టిస్తే అదే తిండి రెండింతలు సేపు వస్తుంది. పది రోజులూ దాటాకే. చిన్న రంధ్రంలోంచి స్ట్రా దూర్చి, దాని చుట్టూ పల్లీ బటర్ చుక్కతో మూసి, గ్లాసులో నిలబెట్టి, నింపి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. ఇచ్చేముందు స్ట్రా లాగేస్తే గాలికి దారి ఉంటుంది. స్ట్రా లాగడం మర్చిపోవద్దు.

ఫ్రీజర్‌లోంచి తీసి ఐదు నిమిషాలు బయట పెట్టి ఇవ్వండి. రాయిలా ఉన్న మంచుని కొరికితే పళ్లు విరుగుతాయి. కరెంటు చాలాసేపు పోయి కరిగిపోతే పారేయండి, మళ్లీ గడ్డకట్టించొద్దు.

7. ఒంటరిగా వదిలి వెళ్లేముందు

☐ ఈ బొమ్మతోనే, ఇదే తిండితో, మీ ఎదుట కనీసం ఐదుసార్లు పేచీ లేకుండా తిందా?
☐ పగుళ్లు, ఊడబోతున్న ముక్కలు లేవు కదా?
☐ మెడపట్టీ తీశారా? బొమ్మతో దొర్లేటప్పుడు దేనికైనా చిక్కుకోవచ్చు.
☐ తాళ్లు, గుడ్డ, ఊలు ఉన్న బొమ్మలు, వాసన చాపలు (గుడ్డపేలికల మధ్య తిండి దాచి వెతికించే చాపలు) తీసి పైన పెట్టారా? దారాలు పేగుల్ని మడతలు పెట్టి కోసేస్తాయి, అవి మీరున్నప్పుడే.
☐ తాగడానికి నీళ్లు పెట్టారా?
☐ ఇంటికొచ్చే పనమ్మాయికి చెప్పారా? కుక్క తింటున్న బొమ్మ దగ్గర ఊడవద్దని.

బొమ్మ కుక్కని ఆపి ఉంచేది ఇరవై నిమిషాలో అరగంటో. తొమ్మిది గంటల ఆఫీసుకి, అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో ఇంకో రెండు గంటలకి అది సరిపోదు. మధ్యలో ఎవరో ఒకరు వచ్చి బయటికి తీసుకెళ్లాల్సిందే.

ఇంకోటి. మీరున్నప్పుడు ఆవురావురుమని తిని, మీరు వెళ్లాక బొమ్మను ముట్టుకోకుండా తలుపు దగ్గర ఏడుస్తోందంటే, అది ఒంటరితనం భయం. బొమ్మ మార్చితే పోదు. వీడియో తీసి డాక్టరుకి చూపించండి.

8. రెండు కుక్కలు, చిన్నపిల్లలు ఉన్న ఇల్లు

వేరే గదుల్లో, తలుపు వేసి ఇవ్వండి. ఖాళీ బొమ్మలు కూడా ఏరేశాకే తలుపు తీయండి. ఎన్నేళ్లుగా కలిసి పడుకునే కుక్కలైనా సరే.

తినేటప్పుడు ఒళ్లు బిగించడం, నమలడం ఆపి కదలకుండా ఉండిపోవడం, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం, ఇవన్నీ గుర్రుమనడానికి ముందొచ్చే మాటలు. పిల్లల్ని దూరం పెట్టండి. గుర్రుమన్నందుకు కొట్టొద్దు. కొడితే గుర్రుమనడం మానేస్తుంది, నేరుగా కరుస్తుంది. దూరం నుంచే ఒక చికెన్ ముక్క విసిరి వెళ్లిపోండి, రోజూ. మీరు దగ్గరికొస్తే తిండి పోదు, ఇంకా వస్తుందని దానికి తెలియాలి. కరిచేదాకా వస్తే శిక్షకుణ్ణి పిలవండి.

9. ఎక్కువగా చేసే తప్పులు

గిన్నె నిండా తిన్నాక బొమ్మ ఇవ్వడం: ఆకలి లేనివాడికి అరిటాకు వేసినా ఒకటే. బొమ్మ ముందు, గిన్నె తర్వాత.

రోజంతా నేలమీదే వదిలేయడం: దాని మీద మోజు పోతుంది. అయిపోగానే తీసి దాచండి.

మొరిగినప్పుడు నోరు మూయించడానికి ఇవ్వడం: మొరిగితే బొమ్మ వస్తుందని నేర్పినట్టు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఇవ్వండి. దీపావళి టపాసులకి భయపడే కుక్కకి మాత్రం మొదటి మోత వినపడకముందే, కిటికీలు మూసి, లోపలి గదిలో ఇవ్వండి.

ప్లాస్టిక్ సీసాకి చిల్లులు పెట్టి ఇంట్లో చేయడం: మూత, మూత కింది రింగు తీసేసి, మీ ఎదుట పది నిమిషాలు, అంతే. దానికన్నా పాత తువ్వాలు పరిచి, గింజలు చల్లి, చాపలా చుట్టి ఇవ్వడం నయం. అది కూడా గుడ్డ చించి మింగని కుక్కకే.

చీమలొస్తున్నాయని తినే చోట చీమల చాక్‌పీస్ గీయడం: అది పురుగుమందు. కుక్క బొమ్మతోపాటు నేలని కూడా నాకుతుంది.

10. ప్రమాదం జరిగితే

గొంతులో ఇరుక్కుని ఊపిరాడకపోతే: నోరు తెరిచి చూడండి. కనపడి, చేతికి చిక్కేలా ఉంటేనే తీయండి. కనపడకుండా వేళ్లు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. చిన్న కుక్కని తలకిందులుగా పట్టుకోండి, పెద్దదైతే వెనకనుంచి పక్కటెముకల కింద పిడికిలితో లోపలికి, ముందుకి గట్టిగా ఐదుసార్లు నొక్కండి. వచ్చినా రాకపోయినా ఆసుపత్రికి.

నాలుక ఇరుక్కుంటే: లాగొద్దు. కుక్కని కదలకుండా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి, బొమ్మతో సహా.

ముక్క మింగితే: మిగిలిన ముక్కలు తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు పట్టించి కక్కించే పాత చిట్కా వద్దు, ఉప్పే విషమవుతుంది. మళ్లీ మళ్లీ వాంతులు, తిండి మానడం, కడుపు ముట్టుకోనివ్వకపోవడం, ముక్కినా విరోచనం రాకపోవడం కనిపిస్తే రాత్రనీ పగలనీ చూడొద్దు. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు.

జైలిటాల్ తింటే: లక్షణాల కోసం ఆగకుండా, డబ్బాతో సహా బయల్దేరండి.

రాత్రిపూట తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో ఇవాళే ఫోన్ చేసి కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది గానీ, మారతహళ్లి నుంచి సాయంత్రం ఆరింటికి హెబ్బాళ చేరడమంటే ఎంతసేపో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

11. కడగడం, తూచడం, పారేయడం

తిన్న రోజే వేడినీళ్లు, గిన్నెల సబ్బు, పాలసీసా బ్రష్‌తో లోపల దాకా కడగండి. తడి తిండి పెట్టిన బొమ్మ మిగిలిపోతే రెండు గంటలకి తీసేయండి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి చెమ్మకి లోపల బూజు పడుతుంది, నోరు కిందికి పెట్టి రాత్రంతా ఆరబెట్టాలి. చీమలకి పాత పద్ధతే: పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద బొమ్మ.

కొత్తగా కొన్న రోజే బొమ్మని వంటింటి కాటా మీద తూచి బరువు రాసుకోండి. నెలకోసారి బాగా ఆరాక మళ్లీ తూచండి. కంటికి కనపడని కొరుకుడు కాటాకి తెలుస్తుంది. బరువు తగ్గినా, లాగితే పగులు విచ్చుకున్నా, రబ్బరు జిగటగా మారినా పారేయడమే.

మా ఫ్రిజ్ మీది కాగితంలో జొన్న రెండో బొమ్మ బరువు 212 గ్రాములని ఉంది. పోయిన ఆదివారం 208 వచ్చింది. తిప్పి చూస్తే పెద్ద రంధ్రం అంచులో కొరికిన లోటు. కవర్లో కట్టి చెత్తబుట్టలో వేశాను. జొన్న సాయంత్రం దాకా ఆ బుట్ట దగ్గరే కూర్చుంది.